22 నెలలు నిండినా నాలుగే మాటలు. ఆగాలా, చూపించాలా?

చింతగట్టు అమ్మ (హనుమకొండ) – సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా బాబుకు మొన్నటితో 22 నెలలు నిండాయి. మాటలు నాలుగే. అమ్మ, తాత, నీళ్లకు "నీ", వద్దుకు "అద్దు". ఇవి కాక ఒక "ఊ" ఉంది, దాన్ని దేనికైనా వాడేస్తాడు. పక్క ఫ్లాట్ పాప వీడికంటే రెండు నెలలు చిన్నది. నిన్న లిఫ్టులో "ఆంటీ, చెప్పు ఊడింది" అంది. ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో నల్లా తిప్పుకొని ఏడ్చాను.

నేను బ్యాంకులో పనిచేస్తాను, ఇంటికి చేరేసరికి ఏడవుతుంది. పొద్దంతా మా అత్తమ్మ చూసుకుంటుంది. ఆమెకు వాడంటే ప్రాణం. ఏమన్నా అంటే ఆమె మాట ఒక్కటే: "వాళ్ల నాయన కూడా మూడేండ్లకే మాట్లాడిండు, మగపిల్లలు లేటే." మేం చూపించే పిల్లల డాక్టరు కూడా మూడేళ్ల దాకా చూద్దామన్నారు. అన్నం తినేటప్పుడు అప్పుడప్పుడు ఫోన్ పెడతాం. అబద్ధం ఎందుకు, మూడు పూటలా పెడతాం. ఇప్పుడు ఆగాలా, ఎక్కడైనా చూపించాలా?

పాకాల చెరువు (నర్సంపేట) – సోమవారం, రాత్రి 11:34

టెన్షన్ పడకక్కా. మా అన్న కొడుకు మూడున్నరకు నోరు విప్పాడు. ఇప్పుడు పెళ్లిళ్లలో వాడికి దొరక్కుండా మైకు దాచాల్సి వస్తోంది. ఐన్‌స్టీన్ కూడా లేటుగానే మాట్లాడాడట కదా.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – మంగళవారం, ఉదయం 6:50

ఇలాంటి థ్రెడ్‌లోకి ఐన్‌స్టీన్ ఎప్పుడూ రెండో పోస్టులోనే వస్తాడు. నేను పదకొండేళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. పాకాల అన్న చెప్పింది అబద్ధం కాదు. రెండేళ్ల పిల్లల్లో పదిమందికి ఒకరు, ఇంకాస్త ఎక్కువే, మాటల్లో వెనకబడి ఉంటారు. వాళ్లలో చాలామంది తర్వాత అందుకుంటారు కూడా. కాకపోతే ఎవరు అందుకుంటారో, ఎవరు అందుకోరో బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే మాటల లెక్క కంటే ముందు కొన్ని అడుగుతాను.

ఒకటి, వెనక నుంచి, వాడికి మీ మొహం కనపడకుండా, మామూలు గొంతుతో పిలిస్తే తిరుగుతాడా? రెండు, చెయ్యి చూపకుండా, కన్ను తిప్పకుండా "చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడా? మూడు, ఆకాశంలో విమానమో, గోడమీద పిల్లో కనపడితే మీకు వేలు పెట్టి చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహం చూస్తాడా? ఈ మూడోది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నాకు మాత్రం పది మాటలకంటే ఈ వేలే ఎక్కువ చెబుతుంది.

మామూలుగా ఏడాదికి అటూ ఇటూగా మొదటి మాట వస్తుంది. రెండేళ్లకు ఒక యాభై మాటలు, "పాలు దా", "తాత రా" లాంటి రెండు మాటల జోడింపులు వస్తాయని మేం చూస్తాం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో ఈ యాభైని రెండున్నరేళ్లకు జరిపింది, మా వాళ్లలో చాలామందికి అది నచ్చలేదు. ఏ లెక్క పట్టుకున్నా 22 నెలలకు నాలుగంటే చూపించాల్సిందే. భయపడాల్సిన పని లేదు, ఆగాల్సిన పనీ లేదు. ముందు చెవులు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి కూడా తర్వాతే.

చింతగట్టు అమ్మ (హనుమకొండ) – మంగళవారం, మధ్యాహ్నం 1:40

లంచ్‌లో రాస్తున్నాను మేడమ్. చెప్పులు తెస్తాడు, అది నాకు నమ్మకమే. కానీ మీరు అడిగాక ఆలోచిస్తే, నేను చెప్పులు అనేటప్పుడు తలుపువైపు చూస్తానేమో! వేలు పెట్టి చూపిస్తాడు, కుక్క కనపడితే నా చెంప పట్టుకొని మరీ తిప్పుతాడు. పిలిస్తే ఒక్కోసారి తిరుగుతాడు, ఒక్కోసారి తిరగడు. ఆటలో ఉన్నాడు కదా అనుకుంటాం. ఫోన్‌లో పాట మాత్రం పక్కగదిలోంచి వినిపించినా పరిగెత్తుకొస్తాడు. చెవులు బాగున్నట్టే కదా? పోయిన చలికాలం మొత్తం సర్దే. నెలకు రెండుసార్లు ముక్కు కారింది.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఫోన్ మోగితే వచ్చాడంటే మొత్తానికి వినపడడం లేదని కాదు, అంతే. వినికిడి స్విచ్చు లాంటిది కాదు. గట్టి చప్పుళ్లు తెలిసి, మెల్లటి అక్షరాలు, అంటే స, ఫ, చ లాంటివి తెలియకపోయే పిల్లలుంటారు. వాళ్లు తలుపు చప్పుడుకు తిరుగుతారు, మన మాట మాత్రం వాళ్లకు నానిన కాగితంలా వినిపిస్తుంది. సర్ది మాట రాశారు కాబట్టి అడుగుతున్నా, నిద్రలో చెవి లాక్కుంటాడా?

బాపమ్మ ముచ్చట్లు (పరకాల) – మంగళవారం, సాయంత్రం 5:05

బిడ్డా, పరేషాన్ కాకు. ఆరుగురు మనవలను పెంచిన. మా ఊర్ల వస కొమ్ము అరగదీసి తేనెల కలిపి నాలుక మీద రాస్తరు. వస పోసినోళ్లు గలగల మాట్లాడుతరు, అందుకే ఎక్కువ మాట్లాడేటోన్ని వసపిట్ట అంటం. చిలక కొట్టిన జామపండు కూడా పెట్టు. మా చిన్న మనవడు మాట్లాడితే ఎత్తు బంగారం (ఆడ బెల్లాన్నే బంగారం అంటం) ఇస్తనని మేడారం సమ్మక్కకు మొక్కుకున్న, మొక్కు తీర్చేటప్పుడు బెల్లం తూకం కాడ వాడే అరిచిండు "ఇంక చాలు" అని.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – మంగళవారం, సాయంత్రం 5:40

అమ్మా, జామపండుకు, మొక్కుకు నేను అడ్డు చెప్పను. బెల్లం అందరికీ ప్రసాదం. వస మాత్రం వద్దు. ఆ కొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. వసను తిండి పదార్థాల్లో వాడకూడదని అమెరికాలో 1968లోనే నిషేధించారు. వస పోశాక వాంతులు పట్టుకొని, మగతగా పడుకున్న పసిపిల్లలను దవాఖానకు తెచ్చిన సంగతులు మన దగ్గరా ఉన్నాయి. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా వద్దంటారు డాక్టర్లు. అరగదీసిన కొమ్ములో ఎంత మోతాదు పోయిందో ఎవరికి తెలుస్తుంది?

అలాగే నాలుక కింద నరం కోయించాలని ఎవరో ఒకరు చెబుతారు, ముందే చెప్పేస్తున్నా. ఆ పొర బిగుతుగా ఉంటే పసికందుకు పాలు తాగడం కష్టం కావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. నాలుక తిరగనివాడు తప్పు పలుకుతాడు గానీ ఊరుకోడు.

బాపమ్మ ముచ్చట్లు (పరకాల) – మంగళవారం, సాయంత్రం 6:10

సరే బిడ్డా, వస మాట వెనక్కి తీసుకుంటున్న. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చింది, అడగకుండనే చేసిన. కానీ ఒక్కటి విను. పిల్లకు లాల పోస్తూ, ఉగ్గు పెడుతూ మేం ఊకె మాట్లాడుతనే ఉంటిమి. "ఇగో చెయ్యి, ఇగో కాలు, ఇగో నా బంగారం బొజ్జ" అనుకుంట. వసకు వచ్చిన పేరు ఆ ముచ్చట్లదేమో.

పాకాల చెరువు (నర్సంపేట) – మంగళవారం, సాయంత్రం 6:14

బాపమ్మా, ఈ పోస్టుకు పది లైకులు కొట్టే వీలుంటే బాగుండు.

ఖని ఆటో (గోదావరిఖని) – మంగళవారం, రాత్రి 10:50

పొద్దున్నుంచి చదువుతున్న, రాయాలా వద్దా అనుకుంటూ. రాస్తున్న.

మా బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. చిన్నప్పుడు అందరు పిల్లల్లాగే "ఉంగా ఉంగా" అన్నది, నవ్వింది. ఎనిమిది నెలలప్పటికి ఆ చప్పుళ్లు పెరగాల్సింది పోయి తగ్గినయ్. మేం గమనించలేదు. మంచి పిల్ల, ఏడవదు, ఎంత లొల్లిలోనైనా పడుకుంటది అని మురిసినం. పెళ్లి బారాత్‌లో డీజే పక్కన నిద్రపోయింది, అందరం ఫొటోలు తీసినం. ఆ ఫొటో ఇప్పటికీ ఉన్నది, చూడబుద్ధి కాదు.

రెండేళ్లకు చూపిస్తే ఊళ్లో డాక్టరు ఆగమన్నడు. చుట్టాలు ఆగమన్నరు. మూడేళ్లు దాటినంక ఇంకో చోట బెరా పరీక్ష చేసిన్రు. నిద్రమందు పోసి, నెత్తికి వైర్లు అంటించి, చెవుల్లో టిక్కు టిక్కు మని శబ్దం పెడతరు, మెదడు దాకా పోతుందా లేదా అని. రెండు చెవులు పోయినయ్. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల మిషన్ పెట్టే ఆపరేషన్ అయింది. మిషన్ ఆన్ చేసిన రోజు మాటలు వస్తయనుకున్న. అది గట్టిగా ఏడ్చింది. శబ్దం అంటే ఏందో తెలియదు దానికి, భయపడ్డది. ఆ తర్వాత రెండున్నరేళ్లు థెరపీ, వారానికి రెండుసార్లు, ఆటో కిరాయి మానుకొని. మొదట గుర్తుపట్టిన చప్పుడు నా ఆటోది. వాడకట్టు మలుపులో ఇంజన్ వినపడంగనే గేటు కాడికి ఉరికేది.

మొదటి మూడేళ్లు ఉత్తగా పోయినయ్. తోటి పిల్లలకంటే ఇప్పటికీ వెనకనే ఉన్నది, తప్పు ఎవరిదని నేను అడగ. చెల్లె, నువ్వు ఆగకు. అందరూ ఆగమనే అంటరు, ఎందుకంటే ఆగితే వాళ్లది ఏం పోదు.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – మంగళవారం, రాత్రి 11:30

అన్నా, మీరు రాసిన ఆ "తగ్గినయ్" అనే మాట ప్రతి ఇంట్లో తెలియాలి. చెవుడు ఉన్న పిల్లలు కూడా మొదట్లో గొంతు చేస్తారు, అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. ఆరేడు నెలలకు "బబబ, దదద" అని అక్షరాలు దొర్లించడం మొదలవ్వాలి. దానికి తన గొంతు తనకు వినపడాలి. సైగలు చూస్తూ పెరిగే చెవుడు పిల్లలు ఆ వయసుకే చేతులతో అలా దొర్లిస్తారట, ఉత్తుత్తి సైగలు. కెనడాలో 1991లో ఆ సంగతి బయటపెట్టారు. భాష బయటికి రావడానికి నోరే కావాలని లేదు.

పుట్టిన నెలలోపు చెవుల స్క్రీనింగ్, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషనో థెరపీయో మొదలు. ప్రపంచమంతా చెప్పుకునే లెక్క అది. పిల్లల ఆరోగ్య పరీక్షలకు మన ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే 2013 నుంచి ఉంది. జిల్లాల్లో డైక్ అని పిలిచే కేంద్రాలు పిల్లల ఎదుగుదల లోపాలు చూడడానికే పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది.

కాకి గూడు (కాజీపేట) – బుధవారం, ఉదయం 9:25

భాషాశాస్త్రంలో రీసెర్చ్ చేస్తున్నాను, పిల్లలు లేరు, కాబట్టి సలహా ఇవ్వను. కానీ చెవి సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట.

పసిపిల్లలు మాట రాకముందు ఏం చేస్తుంటారన్నది 1971 దాకా పెద్దగా ఎవరూ కొలవలేకపోయారు. అప్పుడు ఒక బృందం నెల, నాలుగు నెలల పిల్లల నోట్లో పాలపీక పెట్టి, వాళ్లు చప్పరించే వేగం కొలిచింది. ఒకే శబ్దం వినిపిస్తే విసుగొచ్చి చప్పరింపు తగ్గుతుంది. బ నుంచి ప కు మార్చగానే మళ్లీ జోరందుకుంది. అంటే నెల పిల్లకే తేడా తెలుసు.

మనకు ఇంకా దగ్గరిది 1984లోది. జానెట్ వెర్కర్ అనే ఆవిడ కెనడాలో ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలకు హిందీ త, ట వినిపించింది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. అదే వయసు హిందీ ఇళ్ల పిల్లలకు ఆ తేడా పోలేదు. మన పాప తాత, టాటా వేరని ఎప్పుడు నేర్చుకుంది అని అడుగుతాం. నిజానికి కొత్తగా నేర్చుకున్నది లేదు, పోగొట్టుకోకుండా ఉంచుకుంది. ఇంట్లో వినపడుతున్న తేడాలు ఉంచుకోవడం, వినపడనివి వదిలేయడం. ఈ వడపోత ఏడాదిలోపే చాలావరకు జరిగిపోతుంది. ఖని అన్న చెప్పిన మూడేళ్లు ఎందుకంత ఖరీదైనవో ఇక్కడే తెలుస్తుంది.

ఇంకోటి. మనం మాట్లాడేటప్పుడు పదాల మధ్య ఖాళీ ఉండదు. "ఇగోబువ్వతిందాందా" అని ఒకే ముద్ద. 1996లో ఎనిమిది నెలల పిల్లలకు అర్థం లేని అక్షరాల వరుస రెండే రెండు నిమిషాలు వినిపిస్తే, ఏ అక్షరం తర్వాత ఏది ఎక్కువసార్లు వస్తోందో లెక్కగట్టి, పదాలు విడదీసుకున్నారు. మనం ఒడిలో వేసుకొని "ఏం తెలుసు దీనికి" అంటాం. అది లెక్కలు చేస్తూ ఉంటుంది.

పాత బకాయి (వరంగల్) – బుధవారం, ఉదయం 11:00

నేను మున్సిపాలిటీలో ఇంటిపన్ను వసూలు చేసి రిటైరయ్యాను. మూడేళ్ల మనవరాలు మొన్న నోరు పెద్దగా తెరిచి "తాతా, నా పన్నులు చూడు, ఎన్ని పన్నులు ఉన్నయో" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత సంతోషంగా పన్నులు చూపించినవాళ్లు ఒక్కరు లేరు. మా కోడలు "పళ్లు అనాలి" అని దిద్దింది. పాప "సరే, పళ్లు" అని, రెండు నిమిషాలకు "అమ్మా, పన్నులు తోమవా" అంది. ఇది తప్పా, ఎప్పుడు పోతుంది?

కాకి గూడు (కాజీపేట) – బుధవారం, ఉదయం 11:45

పెద్దాయనా, అది తప్పు కాదు, మనవరాలి తెలివి. ఆ ఇంట్లో పళ్లను పన్నులు అని ఎవరూ అనలేదు కదా, మరి ఎక్కడ విన్నది? వినలేదు. చెట్టు చెట్లు, మేక మేకలు చూసి "లు" అనే సూత్రం తనే తీసింది. పన్నుకు తగిలించింది. కాలులు, ఇల్లులో, నోరులో అనే పిల్లలు కూడా ఇదే పని చేస్తారు. "నోట్లో" అన్న మాటలో "నోరు" ఎక్కడుంది, చెప్పండి? 1958లో జీన్ బెర్కో లేని పిట్ట బొమ్మ ఒకటి గీసి, దానికి వగ్ అని పేరు పెట్టి, రెండో బొమ్మ చూపించి "ఇప్పుడు రెండు..." అని ఆపింది. పిల్లలు తడుముకోకుండా బహువచనం పూర్తిచేశారు. పుట్టని మాటకు బహువచనం ఎవరు నేర్పారు? చిలకలా వల్లించడమే అయితే ఆ తప్పు రాదు.

మగవాళ్ల గురించి "నాయన వచ్చింది, తాత పోయింది" అనే పిల్లలు కూడా చాలామంది. మన క్రియల్లో మగవాడికి ఒకటి, ఆడవాళ్లకు, ఆవులకు, బకెట్‌కు ఇంకొకటి. పొద్దంతా అమ్మ వచ్చింది, అవ్వ వచ్చింది, కుక్క వచ్చింది వినేవాడికి ఏది ఎక్కువ తగులుతుంది? దిద్దక్కర్లేదు. "అవును, నాయన వచ్చిండు" అని మీరు సరిగా అనేస్తే చాలు.

నా మేనకోడలు కాకిని "తాతి" అనేది. ఒకరోజు ముద్దొచ్చి నేనూ "తాతి వచ్చిందా" అన్నాను. కోపంతో కాలు నేలకేసి కొట్టి "తాతి కాదు మామా! తాతి!" అంది. దాని చెవిలో కాకి కాకిగానే ఉంది, నాలుకే ఇంకా క దాకా పోలేదు. నా యూజర్ పేరు వెనక కథ అదే.

తండా టీచరు (మహబూబాబాద్) – బుధవారం, రాత్రి 8:30

అంగన్‌వాడీ టీచర్‌ని. మా పిల్లలు ఇంట్లో లంబాడీ, నా దగ్గర తెలుగు, టీవీలో ఇంకేదో. "రెండు భాషలు కలిపితే మాటలు లేటవుతాయి, ఇంట్లో లంబాడీ బంద్ చెయ్యమనండి" అని పైనుంచి వచ్చినవాళ్లు కూడా చెప్పిపోతారు. నేను చెప్పను. ఒక పాప ఇంట్లో "పాణి", నా దగ్గర "నీళ్లు" అంటుంది. రిజిస్టర్‌లో తెలుగు మాటలే లెక్కపెడితే ఆ పాప వెనకబడినట్టు కనపడుతుంది. రెండూ కూడితే అందరితో సమానం. వాళ్ల యాడి (అమ్మ) నాలుగు ముక్కల తెలుగు పట్టుకొని బిడ్డతో ఏం మాట్లాడుతుంది? తిట్టడానికీ, ముద్దు చేయడానికీ తన భాష కావాలి కదా. ఆర్‌బీఎస్‌కే వాళ్లు ఏడాదికి రెండుసార్లు మా సెంటర్‌కు వస్తారు. తల్లులు ఆ రోజే పిల్లలను పొలానికి తీసుకుపోతారు, అదొక్కటే నా బాధ.

నంబర్ వన్ డాడీ (హనుమకొండ) – బుధవారం, రాత్రి 9:15

ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. రేపు ప్లేస్కూల్ ఇంటర్వ్యూలో తెలుగు అడుగుతారా? మేం పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే. "బేబీ, ఈట్ ద రైస్", "డోంట్ క్రై". పాప ఎ టు జెడ్ చెబుతుంది, 20 జంతువుల పేర్లు చెబుతుంది.

తండా టీచరు (మహబూబాబాద్) – బుధవారం, రాత్రి 9:22

ఆకలైతే ఏ భాషలో అడుగుతుంది సార్?

నంబర్ వన్ డాడీ (హనుమకొండ) – బుధవారం, రాత్రి 9:40

అడగదు. చెయ్యి పట్టుకొని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్తుంది. (మీరు అడిగిన తీరు నచ్చలేదు గానీ ఆలోచిస్తాను.)

ఎడారి బాపు (జగిత్యాల – షార్జా) – గురువారం, తెల్లవారుజామున 1:10

నా కొడుకు పుట్టి రెండేళ్ల నాలుగు నెలలు. నేను ఎత్తుకున్నది 41 రోజులు. రోజూ డ్యూటీ దిగాక వీడియో కాల్. పిల్లలకు ఫోన్ బంద్ చెయ్యమని అందరూ అంటున్నారు, నా దగ్గర ఉన్నది ఫోన్ ఒక్కటే. అది కూడా చెడుపేనా?

కాకి గూడు (కాజీపేట) – గురువారం, ఉదయం 7:30

అన్నా, మీ ఫోన్ వేరు. అమెరికాలో 2003లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది, 12 సార్లు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చొని ఆడిస్తూ మాట్లాడింది, కొందరికి అదే మనిషి టీవీలో. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర విన్న పిల్లలు చైనా శబ్దాల తేడా పట్టారు. టీవీ పిల్లలు అసలు ఆ భాష విననివాళ్లతో సమానం. 2014లో ఇంకొకరు వీడియో కాల్‌ను పరీక్షించారు. రెండేళ్లు దాటిన పిల్లలు కాల్‌లో మనిషి దగ్గర కొత్త మాటలు నేర్చుకున్నారు, ముందే రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. ఎందుకంటే కాల్‌లో మీరు వాడికి జవాబు చెబుతారు, వాడు బంతి చూపిస్తే "అరె, ఎర్ర బంతి" అంటారు. పాటల వీడియో వాడు ఏం చూపించినా పాడుతూనే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దంది. ఆ పట్టింపు ఒకచోట కూర్చోబెట్టి తెర చూపించడం గురించే. పిల్లల డాక్టర్లు కూడా వీడియో కాల్‌ను ఆ లెక్కలో కలపరు.

ఎడారి బాపు (జగిత్యాల – షార్జా) – గురువారం, మధ్యాహ్నం 12:05

మొన్న ఫోన్ వెనక్కి తిప్పి చూసిండు, నేను వెనకాల ఉన్ననేమోనని. సరే తమ్ముడు, థాంక్స్.

చింతగట్టు అమ్మ (హనుమకొండ) – ఆదివారం, రాత్రి 10:15

చెవుల పరీక్షకు మంగళవారం టైమ్ దొరికింది. ఈలోగా ఒక పనిచేశాను. ఆదివారం సెలవు కదా, నోటుబుక్ పట్టుకొని మూలన కూర్చొని అత్తమ్మను, వాణ్ని చూశాను. వాడు కప్పు వైపు అలా చూస్తాడో లేదో, ఆమె నీళ్లు పట్టేస్తుంది. "ఊ" అనకముందే బంతి. నిద్ర మొహం పెట్టకముందే జోల. గంటలో వాడికి నోరు తెరవాల్సిన అవసరం రెండుసార్లే వచ్చింది. ఆమెను ఏమీ అనలేను, ప్రేమే కదా. నేను మాత్రం తక్కువ తిన్నానా? రాత్రి ఇంటికి రాగానే "ఇదేంటి చెప్పు, ఇదేం రంగు, అమ్మ అను, నాన్న అను" అని ఇంటర్వ్యూ పెడతాను. వాడు లేచి వెళ్లిపోతాడు.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – సోమవారం, ఉదయం 6:40

మీరు నా దగ్గరికొస్తే మొదటి రెండు సిట్టింగులు ఇది చూడడానికే పోయేవి. రెండు సంగతులు. "చెప్పు, అను" మానేయండి. వాడు చూస్తున్నదాని గురించి మీరు మాట్లాడి ఆగండి. "నీళ్లు. చల్లటి నీళ్లు." తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది చాలా పొడుగ్గా ఉంటుంది, అమ్మలకు ఆరో అంకె దగ్గరే నోరు దురద పెడుతుంది. వాడు "ఊ" అన్నా అది వాడి వంతు, దానికి జవాబివ్వండి. అత్తమ్మగారితో ఆపమనకండి, "అడిగేదాకా ఆగుదాం, వాడి గొంతు వినాలనుంది" అనండి.

పిల్లల చెవిన ఎన్ని మాటలు పడ్డాయన్న దానిమీద పెద్ద గొడవ ఉంది. 1995లో అమెరికాలో 42 కుటుంబాలను చూసి, ఉన్నవాళ్ల పిల్లలకు, లేనివాళ్ల పిల్లలకు మూడేళ్లకు మూడు కోట్ల మాటల తేడా ఉంటుందన్నారు. తర్వాత వేరేవాళ్లు చూస్తే ఆ తేడా అంతగా కనపడలేదు. నాకు పనికొచ్చింది 2018లో వచ్చిన మాట: వినిపించిన మాటల మొత్తం కంటే, మాటకు మాట ఎన్నిసార్లు వచ్చిందన్నదే ఎక్కువ పనిచేస్తుందని.

కాకి గూడు (కాజీపేట) – సోమవారం, ఉదయం 9:10

చిన్న అడ్డుపుల్ల. పాపువా న్యూ గినీలో కలూలీ అనే జనం పసిపిల్లలతో ముద్దుమాటలు ఆడరు. మాటే రానివాడితో ముచ్చటేంటి అనుకుంటారు. వాళ్ల పిల్లలకూ మాటలు వస్తాయి. కాబట్టి ఏ అమ్మా "నేను సరిగా మాట్లాడలేదు, అందుకే" అని కుమిలిపోకూడదు.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – సోమవారం, ఉదయం 9:30

ఒప్పుకుంటున్నా. కలూలీ పిల్లలు పొద్దంతా పదిమంది మధ్య ఉంటారు, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్క అవ్వతో కాదు. అది కూడా లెక్కలోకి తీసుకో తమ్ముడు.

చింతగట్టు అమ్మ (హనుమకొండ) – బుధవారం, రాత్రి 11:05

పరీక్ష అయింది. బెరాలో లోపలి నరం బాగుందన్నారు. ఆ మాట వినగానే నాకు కాళ్లలో బలం పోయింది, అక్కడే కూర్చున్నాను. తర్వాత టింపనోమెట్రీ అని చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి గాలి ఒత్తిడి మార్చి చూశారు. గ్రాఫ్‌లో గుట్టలా లేవాల్సిన గీత రెండు చెవులకూ చదునుగా, మన హన్మకొండ చౌరస్తా రోడ్డులా కాకుండా నిజంగా చదునుగా వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరిందట, సర్దుల వల్ల. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకొని వింటే ఎలా ఉంటుందో అలా వింటున్నాడట. నేను ఇంటికొచ్చి వేళ్లు పెట్టుకొని అత్తమ్మను మాట్లాడమన్నాను. గొంతు తెలుస్తోంది, మాట తెలియడం లేదు. ఆమె కూడా పెట్టుకొని చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

మందులు పెద్దగా లేవు. చాలావరకు తనే ఆరిపోతుందట, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అప్పటికీ ఉంటే చిన్న గొట్టం వేయడం గురించి చూద్దామన్నారు. ఈలోగా దగ్గరగా కూర్చొని, మొహం కనపడేలా, టీవీ కట్టేసి మాట్లాడమన్నారు. స్పీచ్ థెరపీ కూడా వచ్చే వారం నుంచే.

ఖని ఆటో (గోదావరిఖని) – బుధవారం, రాత్రి 11:20

చెల్లె, నరం బాగుందన్న ముక్క మూడుసార్లు చదివిన. మా బిడ్డకు కూడా చదివి వినిపించిన.

చింతగట్టు అమ్మ (హనుమకొండ) – ఆరు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 7:45

మళ్లీ పరీక్షకు ఇంకా ఆరు వారాలుంది, చెవులు ఎలా ఉన్నాయో తెలియదు. కానీ ఒకటి రాయాలి. నోటుబుక్ ఇప్పుడు అత్తమ్మ దగ్గరే ఉంటుంది, ఆమే రాస్తుంది. ఈ రోజు పేజీ ఇది, ఆమె రాసినట్టే రాస్తున్నాను:

"పొద్దుగాల – నీలు (పూర్తిగ అన్నడు). కుక్కను – కుక్క అనలే, తుత్త అన్నడు. కోడిగుడ్డు – దుద్దు. మధ్యాన్నం నేను బువ్వ గిన్నె పట్కొని పోయి వాని ముంగట కూసున్న. వాడు నా మొకం జూసి – అవ్వ పో – అన్నడు. రెండు మాటలు కలిపిండు. తారీకు ఏసుకోవాలె."

బాపమ్మ ముచ్చట్లు (పరకాల) – శనివారం, సాయంత్రం 7:52

అవ్వ పో అన్నడా! దొంగ ముండాకొడుకు. మీ అత్తకు నా తరఫున చెప్పు, నన్ను ఆరుగురు పొమ్మన్నరు.

మానేరు ఒడ్డు (కరీంనగర్) – శనివారం, రాత్రి 8:05

ఒక్క ప్రశ్న. పో అన్నాక ఆవిడ వెళ్లారా? మాట అంటే పని జరుగుతుందని వాడికి తెలియాలి కదా.

చింతగట్టు అమ్మ (హనుమకొండ) – శనివారం, రాత్రి 8:20

వెళ్లింది మేడమ్. గిన్నె వాడి ముందే పెట్టి వెళ్లి తలుపు వెనకాల నిలబడింది. పది లెక్కపెట్టిందట. తొమ్మిది దగ్గర లోపలినుంచి "అవ్వ దా" వినపడింది. అది నోటుబుక్‌లో ఎక్కలేదు, ఎందుకంటే పెన్ను అక్కడే పడేసి ఉరికిందట.